పల్టీ కొట్టినవారికే బడి బస్సు

తికిరాయా పురపాలక సంఘం సంతోషంగా ప్రకటించిన విషయం ఏమిటంటే, ఈ ఏడాది రహదారి భద్రతా మాసం దిగ్విజయంగా ముగిసింది. నెల మొత్తం మీద యువ చోదకులు చేసిన ప్రమాదాలు పదకొండు. పదకొండు మందీ బతికి బయటపడ్డారు. పోయినేడాది జరిగినవి ఆరే కాబట్టి, ఒక్క ఏడాదిలో ప్రాణాలతో బయటపడిన యువకుల సంఖ్య దాదాపు రెట్టింపయిందని మేయరు దోన్ ఎర్మోహెనెస్ గారు లెక్క తేల్చి చెప్పగానే చర్చి చౌరస్తాలో బ్యాండు మోగింది. ఊరి పక్క సరస్సు మీంచి వచ్చే చలిగాలికి బాకాలు ఊదేవాళ్ళ పెదాలు పగిలి ఉన్నా, ఇంత మంచి కబురు విన్నాక ఎవరూ వెనకాడలేదు.

విజయానికి మూలం మేయరు గారి పథకమే. ప్రమాదం అంటే ఏమిటో ప్రమాదం చేసినవాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? అందుకని, బండి బోల్తా కొట్టించి బతికిన యువకులను భద్రతా ఆచార్యులుగా నియమించి, ప్రతి సోమవారం హైస్కూలు పిల్లలకు పాఠాలు చెప్పించాలని తీర్మానం చేశారు. అర్హతలు కూడా నిక్కచ్చిగా రాశారు. వాహనం కనీసం ఒక పూర్తి పల్టీ కొట్టి ఉండాలి. లైటు పగిలినవాళ్ళు, బంపరు వంగినవాళ్ళు వెయిటింగ్ లిస్టులో ఉంటారు. శ్రద్ధగా కృషి చేస్తే వాళ్ళకూ అవకాశం వస్తుంది.

మొదటి ఆచార్యుడు రోమెర్ కయిసాయా. వయసు ఇరవై రెండు. తండ్రి జీపును సరస్సు మలుపు దగ్గర నూటపది మీద, ఒక చేత్తో తిప్పుతూ, రెండో చేత్తో తనను తాను వీడియో తీసుకుంటూ, మూడు పల్టీలు కొట్టించి రెల్లుపొదల్లో దించాడు. జాలర్లు పడవ వేసుకెళ్ళి లాక్కొచ్చారు. సీటు బెల్టు గురించి అతను చెప్పిన పాఠం ఆ స్కూలు చరిత్రలో నిలిచిపోతుంది. "బెల్టును తక్కువ అంచనా వెయ్యొద్దు తమ్ముళ్ళూ. ఆ రోజు పక్క సీట్లో బీరు పెట్టెకి బెల్టు కట్టాను. మూడు పల్టీల్లో ఒక్క సీసా పగిలితే ఒట్టు," అన్నాడు. పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ వారం ఊళ్ళో బెల్టు కట్టని బీరు పెట్టె ఒక్కటి కూడా కనబడలేదు.

రెండో ఆచార్యుడు లుద్విన్ అని ఒకడున్నాడు గాని, అతనితో లాభం లేకపోయింది. కాలికి కట్టుతో వేదికెక్కి, తాను తాగి ఉన్నానని, వేగంగా వెళ్ళానని, ఆ రెండూ చేయకపోతే గోడ తన దారికి అడ్డం వచ్చేదీ కాదు, బండి పల్టీ కొట్టేదీ కాదని మూడు ముక్కల్లో చెప్పి కూర్చున్నాడు. ఇందులో కథ లేదని పిల్లలు, నీతి లేదని టీచర్లు ఫిర్యాదు చేశారు. విషయ పరిజ్ఞానం చాలదన్న కారణం మీద అతని పేరు కొట్టేశారు.

ఈ భద్రతా ఉద్యమం వల్ల చర్చి ముందు దుకాణం పెట్టుకున్న దోన్యా బెనెదిక్తాకు నిజానికి కలిసిరావాలి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె అమ్ముతున్నది బండ్లకు కావలసిన దీవెన సామగ్రి. కొత్త కారు కొన్నవాడు ఆదివారం పొద్దున చర్చి ముందు ఆపుతాడు. ఫాదరు గారు పవిత్ర జలం చల్లి వెళ్ళాక అసలు పని మొదలవుతుంది. కారు నెత్తిన పెద్ద టోపీ, ముక్కుకు పూలదండలు, ఒళ్ళంతా రంగుకాగితం ముక్కలు, చివర టపాకాయల సరం. ఆపైన బీరు: టైరుకో సీసా, ఇంజనుకో సీసా. ప్రతి సీసాలో మొదటి గుక్క నేల మీద, భూదేవి పచమామ తల్లికి, రెండోది టైరుకి, మిగిలింది డ్రైవరుకి.

బెనెదిక్తా జీవితాన్ని వచ్చేదీ పోయేదీ చూసుకుని నడిపే మనిషి. ఆమె లెక్కలో ఇంతకంటే పక్కా సరుకు లోకంలో లేదు. దీవించిన బండి క్షేమంగా తిరిగితే, బీరు పనిచేసింది కాబట్టి వచ్చే ఏడు మళ్ళీ కొంటారు. గుద్దుకుంటే, బీరు చాల్లేదు కాబట్టి ఈసారి ఎక్కువ కొంటారు. గుద్దుకుని బతికితే రెండూ నిజమే కాబట్టి బంధువులందరికీ కూడా పోయిస్తారు. ఎటు తిరిగినా గిరాకీయే.

ఆమె లెక్క తప్పింది ఒక్క కూతురి విషయంలోనే. నెల్వా ఇరవై మూడేళ్ళ పిల్ల. నాలుగేళ్ళు మేనమామ మినీబస్సును లా పాస్ నగరం రూట్లో నడిపింది. ఒక్క గీత పడలేదు. దీవెన రోజున సీసాలో బీరంతా టైరు మీదే పోసేసేది. గుక్కెడైనా నోట పెట్టుకోని ఆ తీరు చూసి, పచమామ తల్లితో కలిసి తాగనంత పొగరేమిటని జనం నొచ్చుకున్నారు. ఆగమని బోర్డు ఉన్నచోట, అటూ ఇటూ నరమానవుడు లేకపోయినా ఆగేది. వెనకవాళ్ళ హారన్లు సరస్సు అవతలి ఒడ్డుకు వినబడేవి. ఆమె బండెక్కినవాళ్ళు దారిలో దేవుణ్ణి తలచుకునే అవసరమే లేకుండా నిద్రపోయేవారని ఫాదరు గారికి కూడా లోపల్లోపల మనస్తాపం.

మేనమామ మినీబస్సు అమ్మేశాడు. అదే సమయంలో బడి బస్సు ముసలి డ్రైవరు పదవీ విరమణ చేశాడు. కొత్త బస్సు వస్తోంది. ఆ పని దొరక్కపోతే కూతురు స్టీరింగు వదిలేసి, తల్లి పక్కన స్టూలు వేసుకుని, బండెక్కబోయే డ్రైవర్లకు బీరు సీసాలు తెరిచి ఇవ్వాలి. ఆ ఒక్క పనీ చచ్చినా చెయ్యనని ఆమె పదిహేనో ఏటే చెప్పేసింది. దరఖాస్తు పెట్టింది. వారంలో తిరిగొచ్చింది. 'అనుభవం' అన్న గడిలో గుమాస్తా అందంగా రాశాడు: లేదు.

బెనెదిక్తా మంచి ఉన్ని పావడా కట్టి, గుండ్రటి టోపీ పెట్టి, ఆకులో చుట్టిన సరస్సు చేపలు రెండు పట్టుకుని మేయరు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన చేపలను గౌరవంగా స్వీకరించి, ఓపికగా విడమరిచారు.

"దోన్యా బెనె, మీరే ఆలోచించండి. నలభై మంది పిల్లలు. ఇంతవరకూ ఒక్క ప్రమాదం ఎరగని మనిషి చేతిలో ఎలా పెడతాం? రేపు నిజంగా ఒకటి జరిగితే ఆ పిల్ల కంగారుపడిపోదూ? రోమెర్ అంటే అలవాటున్నవాడు."

ఇంటికి నడుస్తుంటే బెనెదిక్తాకు ఆ మాటలో ఏదో న్యాయం ఉన్నట్టు కూడా అనిపించింది. పొయ్యి మీద మొక్కజొన్న పానీయం అపి కాస్తున్న కూతురి పక్కన కూర్చుని మెల్లిగా మొదలుపెట్టింది.

"పెద్దది అక్కర్లేదే తల్లీ. లుద్విన్ గుద్దిన మట్టిగోడ ఉంది కదా, సగం పడిపోయే ఉంది. దానికి ఓ మాదిరిగా ఆనించెయ్."

"ఆనిస్తే వెయిటింగ్ లిస్టేనమ్మా. పల్టీ కొట్టాలట."

"అయితే నెమ్మదిగా కొట్టు."

"నెమ్మదిగా వెళ్తే పల్టీ కొట్టదు. నాకు అనుభవం లేకుండా పోయింది అందుకే కదా."

బెనెదిక్తా గ్లాసు తీసుకుని తాగింది. వ్యాపారంలో ఇలాంటి చిక్కు ఆమెకెప్పుడూ ఎదురు కాలేదు: సరుకు మంచిదైనందువల్లే చెల్లకపోవడం.

కొత్త బస్సును దీవించే రోజు వచ్చింది. బడి దుస్తులైన తెల్లకోట్లు తొడుక్కున్న నలభై మంది పిల్లలను ముందే ఎక్కించి కూర్చోబెట్టారు. దీవెన వాళ్ళకూ తగలాలి కదా. బస్సు అలంకరణ అంతా బెనెదిక్తాదే. అద్దం నిండా గులాబీ దండలు కట్టి, రోడ్డు చూసుకోవడానికి మధ్యలో ఒక అరచెయ్యంత సందు వదిలింది. పెద్ద బస్సు కాబట్టి టైర్లు ఆరు, ఇంజను ఒకటి, తలుపులు రెండు, వెరసి తొమ్మిది సీసాలు. నియమిత చోదకుడు రోమెర్ సంప్రదాయంలో ఎక్కడా లోటు రానివ్వలేదు. ఐదో టైరు దగ్గరికి వచ్చేసరికి అతను టైరును భుజం తట్టి 'అన్నా' అని పిలిచాడు.

మేయరు గారు ప్రసంగం అందుకున్నారు. "ఈనాడు మన చిన్నారులను మూడు పల్టీల అనుభవం గల చేతుల్లో పెడుతున్నాం. ఏ ప్రమాదానికైనా తికిరాయా సిద్ధంగా ఉందని సగర్వంగా చాటుతున్నాం."

ఆరో సీసా మూత తీయబోతూ బెనెదిక్తా తలెత్తింది. కిటికీలో ఒక చిన్నపిల్ల అద్దం మీద ఊదిన ఆవిరిలో వేలితో బొమ్మ గీస్తోంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా బెనెదిక్తా అమ్మిన బీరంతా చౌరస్తా దాటి, మలుపు తిరిగి, కనుమరుగయ్యాకే ఏం చెయ్యాలో అది చేసింది. మలుపు అవతల జరిగేది ఆమె లెక్కలోకి వచ్చేది కాదు. ఇప్పుడు ఆ మలుపు తిరగబోయేవాళ్ళు వరసగా నలభై మంది కూర్చుని ఉన్నారు, అందరికీ ముక్కులు కారుతున్నాయి.

"బీరు అయిపోయింది," అంది. పావడా వెనక రెండు పెట్టెలు నిండుగా ఉన్నాయి. సరుకు ఉండగా లేదని చెప్పడం ఆమె జన్మలో అదే మొదలు.

ఊరంతా దిగ్భ్రాంతి చెందింది. నాలుగు సీసాల లోటుతో బస్సును రోడ్డెక్కించడం ఎంత ప్రమాదమో పెద్దలు చర్చలో పడ్డారు. రోమెర్ తానే వెతుకుతానని బయల్దేరి, కాసేపు ఫాదరు గారి అంగీ కింద వెతికాడు. ఈ సందడిలో కూతురు నింపాదిగా బస్సు ఎక్కింది. దండలు తెంపి పక్కన పెట్టింది. అద్దం తుడిచింది. బస్సు నెత్తిన పెట్టిన పెద్ద టోపీ తీసి తల్లి దుకాణం వైపు పడేసింది. పిల్లలను లెక్కపెట్టి, బెల్టు పెట్టుకుని, గంటకు ఇరవై మీద బడి వైపు కదిలింది. మేయరు గారు కళ్ళు మూసుకుని ప్రసంగించే అలవాటు గలవారు. కాబట్టి బస్సు లేని ఖాళీ జాగాను ఉద్దేశించి మరో పది నిమిషాలు మాట్లాడారు. అప్పటికి బస్సు బడి చేరింది. ఎక్కినవాళ్ళు నలభై, దిగినవాళ్ళు నలభై. ఒక్కడు కూడా కెవ్వుమనలేదు.

తన ఉద్యోగం ఎవరో తోలుకుపోయారని తెలిసిన రోమెర్, తండ్రి జీపెక్కి న్యాయం కోసం వెంటపడ్డాడు. ఎంతో దూరం పోనవసరం లేకపోయింది. చర్చి మెట్ల దగ్గర మొదలై సూటిగా బెనెదిక్తా దుకాణంలోకి వచ్చాడు. ఒక చక్రం బీరు పెట్టెల మీదికెక్కగా జీపు ఒక పక్కకు ఒరిగి, కాసేపు ఆలోచించి, పూర్తిగా తిరగబడింది. రంగుకాగితాల బస్తాలు పేలి ఆకాశం నిండింది. టపాకాయలు అంటుకున్నాయి. అదే సంకేతమనుకుని బ్యాండువాళ్ళు ఊదేశారు. ఇంత అందమైన దీవెన ఎన్నడూ చూడలేదని జనం ఒకరినొకరు కావలించుకున్నారు. జీపులోంచి రోమెర్, బస్సుకు పెట్టిన టోపీ కిందనుంచి బెనెదిక్తా, ఇద్దరూ పాక్కుంటూ బయటికొచ్చారు. నాలుగో పల్టీకి గాను రోమెర్‌ను అక్కడికక్కడే ప్రధానాచార్యుడిగా ప్రకటించారు.

బెనెదిక్తా ఏడవలేదు. మర్నాడు పొద్దున, జడల్లో రంగుకాగితాలతోనే, తీర్మానం నకలు పట్టుకుని పురపాలక కార్యాలయంలో కూర్చుంది. పల్టీ కొట్టిన వాహన ప్రమాదంలో పాల్గొని బతికినవారు అని రాశారే గాని, బండి లోపల ఉండాలని గాని, వయసు ఇంతే ఉండాలని గాని ఎక్కడా రాయలేదు. గుమాస్తా మూడుసార్లు చదివి, నీళ్ళు తాగి, అనుభవ పత్రం రాసిచ్చాడు. ఆమె మరో కాగితం తీసింది. తల్లిదండ్రుల అనుభవం పిల్లలకు సంక్రమిస్తుందని పోయినేడు మేయరు గారే, తన కొడుకును నీటి సరఫరా ఇంజనీరుగా వేసుకున్న సందర్భంలో, చేయించిన తీర్మానం అది. దాన్ని కొట్టేస్తే ఊరికి ఇంజనీరు పోతాడు. బస్సు తాళాలు ఇచ్చేశారు.

ఆచార్యురాలు కాబట్టి ఆ సోమవారం ఆమె పాఠం కూడా చెప్పాల్సి వచ్చింది. టపాకాయల కథ వినాలని హాలు కిక్కిరిసింది. ఆమె టోపీ సర్దుకుని చెప్పింది.

"ముప్పై ఒక్క ఏళ్ళుగా టైరుకో సీసా అమ్మాను నాయనా. ఏ టైరూ తాగలేదు. మీ నాన్నలు తాగారు, మీ అన్నలు తాగారు. వాళ్ళలో కొందరు మళ్ళీ కొనడానికి రాలేదు. ఎందుకు రాలేదని నేను అడగలేదు, ఇంకొకడు వచ్చాడు కాబట్టి. నా కూతురు మాత్రం మొత్తం టైరు మీదే పోసేది. అది రోజూ ఇంటికొచ్చేది. అంతే నాకు తెలిసింది."

వెనక బెంచీలోంచి ఒకడు, జీపు ఎటు వైపు తిరగబడిందో చెప్పమని అడిగాడు. పాఠం తేలిపోయిందని టీచర్లు రాసుకున్నారు.

బెనెదిక్తా దుకాణం మళ్ళీ నిలబెట్టింది. ఇప్పుడు సీసా ఎవరి చేతికీ ఇవ్వదు. తానే తెరిచి, తానే టైరు మీద చివరి చుక్క దాకా ఒంపుతుంది. గిరాకీ సగం పక్క దుకాణానికి పోయింది. పోనిమ్మంటుంది. కోరి నష్టపడ్డ వ్యాపారం అదొక్కటేనట.

బడి బస్సు తిరగడం మొదలై రెండేళ్ళు. పురపాలక వార్షిక నివేదికలో ఆ పద్దు కింద 'చెప్పుకోదగ్గ ప్రగతి లేదు' అని రాస్తున్నారు. పత్రికలవాళ్ళు ఒక్కసారి వచ్చి, ఏమీ జరగలేదని తెలుసుకుని, రోమెర్ ఇంటికి దారి అడిగి వెళ్ళిపోయారు. అతనిది ఇప్పుడు ఆరో పల్టీ. ఈ ఏడు భద్రతా మాసానికి చౌరస్తాలో కట్టిన గుడ్డ మీద ఉన్నది అతని బొమ్మే.

తికిరాయా జనం అంతేనని మీరు నవ్వుకుంటున్నారు, మంచిదే. రోమెర్ ఎక్కడ పల్టీ కొట్టాడో, ఎన్ని కొట్టాడో, బెల్టు దేనికి కట్టాడో మీకు పొల్లుపోకుండా గుర్తుంది. రోజూ నలభై మందిని ఎక్కించుకుని నలభై మందినీ దించుతున్న ఆ అమ్మాయి పేరు పైన ఒకేఒక్కసారి వచ్చింది. అదేమిటో వెనక్కి చూడకుండా చెప్పగలరా? పోనీ, వెళ్ళి వెతుక్కోండి. ఆమెకేం తొందర లేదు.