సొరంగంలో ఆరో ఇంజను

ఆ ఆదివారం పొద్దుట్నుంచీ వైండింగు మేస్త్రి కూర్చున్న చోట కూర్చోలేదు. వీధి గుమ్మం దాకా ఒకసారి, వెనక గది దాకా ఒకసారి, మధ్యలో వంటగది ముందు ఏమీ ఎరగనట్టు ఒక దగ్గు. కాలుగాలిన పిల్లికైనా కాసేపటికి కాలు చల్లబడుతుంది. ఈయనకి అదీ లేదు.

"ఏవిటండీ ఆ తిరుగుడు? గచ్చు అరిగిపోతుంది" అంది భార్య, కుట్టుమిషను ఆపకుండా.

"నడవమని డాక్టరు చెప్పాడు."

"ఏ డాక్టరు? ఇంజన్ల డాక్టరా?"

మేస్త్రి మళ్ళీ వీధి గుమ్మం వైపు నడక సాగించాడు.

మేస్త్రి పని కాలిపోయిన మోటార్లకి రాగితీగ చుట్టడం. ఎనిమిదో తరగతిలోనే బడికీ ఆయనకీ పడక విడిపోయారు. ఆనాటి నుంచి ఊళ్ళో ఫ్యాన్లన్నీ తిప్పుతున్నాడు. చదువుకున్న పెద్దమనుషులు ఫ్యాను ఆగితే "మేస్త్రిగారూ" అంటూ పరిగెత్తుకొస్తారు, తిరగ్గానే ఆ గాలికి ఆయన పేరు కూడా ఎగిరిపోతుంది. అలాంటి మనిషికి ఈ లోకంలో చెప్పినమాట వినేవి అయిదే అయిదు. అయిదూ బొమ్మరైలు ఇంజన్లు.

వెనక గదిలో గోడ నుంచి గోడకి బల్ల. బల్ల మీద పట్టాలు, అట్టముక్కలతో కట్టిన కొండ, కొండలో సొరంగం. ఒక్కో ఇంజను పొట్టలో ఒక చిప్పు, ఒక్కో చిప్పుకి ఒక నంబరు. రిమోటు మీద రెండు నొక్కితే రెండోది కదులుతుంది, మిగతావి చెవిటివాళ్ళలా పడుంటాయి. ముసలి ఇంజన్లని ఏరికోరి కొనడం, పొట్ట విప్పి పాత చిప్పు పీకి కొత్తది పెట్టడం, ఇదీ ఆయన పిచ్చి.

చిక్కేమిటంటే, ఇంటి మొత్తానికి పెద్ద కిటికీ ఉన్నది ఆ గదికే. భార్య కుట్టుమిషనేమో వంటగది మూల, పొయ్యికీ గోడకీ మధ్య. నల్లగుడ్డ మీద నల్లదారం నడపాలంటే ఆవిడ సూదిని వేలితో తడుముకోవాలి. రెండుసార్లు సూదే ఆవిడ వేలిని తడిమింది.

పోయినేడాది ఆ గది కోసం మూడ్రోజుల యుద్ధం జరిగి, ఆవిడ అన్నయ్య సమక్షంలో సంధి కుదిరింది. ఆ బావగారు నిజం రైలు నడిపే డ్రైవరు. ఒప్పందం ఒక్కటే ముక్క: ఇంజన్లు అయిదు. ఆరోది గడప దాటిందో, గది కుట్టుమిషనుది. మేస్త్రి నెత్తిన చెయ్యి పెట్టుకుని మరీ ఒట్టేశాడు. తన నెత్తినే లెండి.

పోయిన వారం పాతసామాన్ల తాత కొట్లో ఆకుపచ్చ ఇంజను కనబడింది.

"ముసల్దిరా మేస్త్రీ" అన్నాడు తాత. "చిప్పు ఏ కాలందో. దోమలా గుయ్యిమంటుంది, ఒక్కడుగేసి ఆగి ఆలోచిస్తుంది, కూతన్నమాటే లేదు."

"మా ఇంట్లో నా బతుకూ అంతేలే తాతా. ఇటివ్వు."

కొత్త చిప్పు పెట్టాడు, కూతతో సహా. కొత్త చిప్పుల పేరు పుట్టుకతో మూడు. మేస్త్రి ప్రాణం పెట్టుకున్న నల్ల ఇంజను నంబరూ మూడే. అందుకని తాత చెప్పిన మీటలు నొక్కి దీనికి ఆరు అని నామకరణం చేశాడు. చిప్పుతో వచ్చిన పుస్తకం తెరవలేదు. పుస్తకాలు చదివి బాగుపడేవాడైతే బళ్ళోనే బాగుపడేవాడు కదా.

ఇక దాచేదెక్కడ? అటక, బీరువా, పప్పుల డబ్బాలు అన్నీ ఆవిడ రాజ్యం. ఆయన రాజ్యంలో చీకటున్నది సొరంగం ఒక్కటే. అందులో పక్కపట్టా మీద నిలబెట్టాడు. నాలుగు రోజులయింది. తన పట్టాల మీద దాని కూత ఒక్కసారైనా విన్లేదు. ఈ పూట బావగారు వస్తాడు, అన్నాచెల్లెళ్ళు అలా వీధిలోకి వెళ్తారు, అప్పుడు ఒక్క చుట్టు తిప్పుకుందామని ఈ తిరుగుడంతా.

బావగారు వచ్చాడు. వీధిలోకి మాత్రం ఎవరూ వెళ్ళలేదు.

"అన్నయ్యా, మీ బావగారి రైలు చూద్దువుగాని రా" అంది భార్య.

మేస్త్రి చెవులు నమ్మలేదు. ఈ ఇంట్లో ఆ బల్లని ఇన్నాళ్ళూ "ఆ దరిద్రం" అనేవారు.

"ఇప్పుడెందుకే? అలిసిపోయి వచ్చాడు. రోజూ రైలు చూసేవాడే కదా."

"చిన్నరైలు చూసి చాన్నాళ్ళయింది బావా" అంటూ బావగారు కుర్చీ లాక్కున్నాడు. "ఎన్నున్నాయి?"

"అయిదు. లెక్కపెట్టుకో. ఒప్పందం ఒప్పందమే."

"అవును పాపం, మాటంటే మాటే" అంది భార్య. ఆ గొంతులో చక్కెర కాస్త ఎక్కువైందని మేస్త్రికి తోచింది గానీ, తియ్యగా మాట్లాడితే అనుమానించే అలవాటు ఆయనకి తప్పిపోయి చాలా ఏళ్ళయింది. అవకాశం వస్తే కదా.

"మూడోది నడపండి. ఆ నల్లది. అదంటే నాకూ ఇష్టమే."

మేస్త్రి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మూడు నొక్కాడు.

నల్ల ఇంజను కూసింది. కొండ కూడా కూసింది.

"రెండు కూతలు వినబడ్డాయేం?" అన్నాడు బావగారు.

"ప్రతిధ్వని బావా. కొండ కదా."

"అట్టకొండకి ప్రతిధ్వనా?"

ఆ ప్రతిధ్వని ఆకుపచ్చ రంగులో, దీపం వెలిగించుకుని, సొరంగంలోంచి దర్జాగా బయటికొచ్చింది. నల్లది ఇట్నుంచి వస్తోంది, అది అట్నుంచి. మేస్త్రి కంగారులో ఆపే మీటకి బదులు వేగం మీట తిప్పాడు. రెండూ ఎన్నాళ్ళకో కలిసిన అక్కచెల్లెళ్ళలా ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నాయి. అట్టకొండ ఒకవైపు కూలింది. ఆకుపచ్చది చక్రాలు పైకెట్టి బావగారి ఒళ్ళో పడింది.

"ఇది బోగీ బావా" అన్నాడు మేస్త్రి, నుదురు తుడుచుకుంటూ.

"ముప్పై ఏళ్ళుగా నడుపుతున్నాను. కూతపెట్టే బోగీని ఇదే చూడ్డం."

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు..." భార్య వేలు నెమ్మదిగా అన్నయ్య ఒళ్ళోకి వెళ్ళింది. "ఆరు."

మేస్త్రికి ఒళ్ళు మండింది. "నకిలీ చిప్పు! దగాకోరు చిప్పు! నేను శుభ్రంగా ఆరు అని పెడితే, అన్నీ మర్చిపోయి మళ్ళీ మూడైంది!"

అన్నాక గానీ తెలియలేదు, ఏమన్నాడో.

"చిప్పునేం అనకండి" అంది భార్య. "అది మర్చిపోలేదు. నేనే మరిపించాను. ఆరు నొక్కి, ఎనిమిదో గడిలో ఎనిమిది వేస్తే అది పుట్టినప్పటిలా మూడైపోతుందట. పుస్తకంలో పన్నెండో పేజీ."

"నీకెలా తెలిసిందే?"

"నా హుక్కుల డబ్బాలో నువ్వుగింజంత మరలు రెండు కనబడ్డాయి. మిషను నూనె సీసా సగం ఖాళీ. నా మిషనుకి నేను వెయ్యలేదు. మరి ఈ ఇంట్లో ఎవరికి కీళ్ళనొప్పులు? వాసన పట్టుకుని వెళ్తే సొరంగం. చిప్పులు మార్చి మార్చి చివరికి చేతికి చిప్ప తెచ్చుకున్నారు."

బావగారు ఆకుపచ్చదాన్ని బల్లమీద నిలబెట్టి తీర్పు చెప్పాడు. "ఎర్రజెండా బావా. గది ఖాళీ చెయ్యి."

వారం తిరక్కుండా కుట్టుమిషను కిటికీ కిందకి చేరింది. పగటి వెలుగు నేరుగా సూది మీద పడుతుంది. బల్ల పోయింది గానీ, ఆవిడ మరీ కసాయిది కాదు. వంటగది నుంచి కిటికీ గది దాకా గోడల వెంట జానెడు చెక్క కొట్టుకుని పట్టాలు వేసుకోమంది. ఒక షరతు మీద.

"నల్లదారం!" అంటుంది, తలెత్తకుండా.

వంటగది మూల, పాత మిషను చోట, స్టూలు మీద కూర్చున్న మేస్త్రి దారపుకండె బోగీలో పెట్టి మూడు నొక్కుతాడు. నల్లదీ కదులుతుంది, ఆకుపచ్చదీ కదులుతుంది. రెండూ ఇంకా మూడే మరి. అందుకని జంటెద్దుల్లా రెంటినీ ఒకే బోగీకి కట్టాడు. ఆ మీటలు మళ్ళీ చెప్పమని పాతసామాన్ల తాత దగ్గరికి వెళ్తే, "మీ ఆవిడ నా కోటు చిరుగు ఉత్తినే కుట్టిపెట్టిందిరా, నోరు పెగలడంలేదు" అన్నాడు. పుస్తకం ఆవిడ సొరుగులో ఉంది.

"ఏమోయ్, ఆ పుస్తకం ఒకసారి ఇస్తావా? చదువుకుంటాను."

మిషను ఆగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు.

"ఇస్తాను" అంది. "మీరు పంపింది నీలం దారం. ముందు నల్లది పంపండి."

మేస్త్రి మూడు నొక్కాడు. రెండు కూతలు వినబడ్డాయి.