సర్వాధికారాల టోకెన్

ఇకమీదట కాగితం మీది పెళ్లి పెళ్లి కాదనీ, పోర్టల్లో కనిపించిన పెళ్లే పెళ్లి అనీ పౌరసేవల మంత్రిగారు సోమవారం ఉదయం పదిన్నరకు ప్రకటించారు. పాత సర్టిఫికెట్లు ఆ క్షణం నుంచే చెల్లవు. కొత్తవి శుక్రవారం పోర్టల్ ప్రారంభం కాగానే మీట నొక్కితే వస్తాయి. మధ్యలో ఉన్న నాలుగు రోజులూ దేశంలో ఎవరికీ పెళ్లి కాలేదన్నమాట. ఇంత పెద్ద సంస్కరణను ఎక్కడా తడబడకుండా చదివేసిన మంత్రిగారి గుండె నిబ్బరానికి విలేకరులు చప్పట్లు కొట్టారు.

"పోర్టల్ చెప్పిందే ఆఖరి మాట. దాని మీద అప్పీలు లేదు," అన్నారాయన. మధ్యాహ్నానికల్లా ఆ మాటకు జీవో నంబరు కూడా పడింది.

ఆ పోర్టల్ తయారుచేస్తున్న ప్రోగ్రామర్‌కు పెళ్లయి ఇరవై రెండు రోజులు. ఆఫీసులో అందరూ పేరు మానేసి ఆమెను పెళ్లికూతురు అనే పిలుస్తున్నారు. ఆమెకూ అది ఇష్టంగానే ఉంది. భర్త రోడ్డుకు అవతల రికార్డుల ఆఫీసులో సర్వర్ చూస్తాడు. ఆమె కిటికీ, అతని కిటికీ ఎదురెదురు. సరిగ్గా పదకొండింటికి అతను కిటికీలోంచి ఒక ఫైలు ఊపుతాడు. ఈమె కీబోర్డు తుడిచే గుడ్డ ఊపుతుంది. ఆ రెండు శాఖల మధ్య పన్నెండేళ్లుగా మాటల్లేవు. ఉన్న సంబంధమల్లా ఇదొక్కటే.

కాపురం మాత్రం ఇంకా మొదలవలేదు. ఆమె మహిళల హాస్టల్లో, అతను ముగ్గురు బ్రహ్మచారులతో ఒకే గదిలో. దంపతులకిచ్చే ప్రభుత్వ క్వార్టర్ ఒకటి ఖాళీ అయింది. రెండు గదులు, వంటింట్లోకి పొద్దుటి ఎండ, గోడకు ఎవరో వదిలేసి పోయిన మేకు. ఇద్దరూ తాళం కన్నంలోంచి వంతులవారీగా చూసొచ్చారు. ఆ మేకుకు ఏం తగిలించాలన్న చర్చలో రెండు రోజులు హాయిగా గడిచాయి. శుక్రవారం సాయంత్రం ఐదులోపు పెళ్లి సర్టిఫికెట్ ఇస్తే క్వార్టర్ వాళ్లది, లేకపోతే జాబితాలో తర్వాతి జంటది. వాళ్ల సర్టిఫికెట్ సోమవారం పదిన్నరకే కన్నుమూసింది.

అందుకని పెళ్లికూతురు నడుం బిగించింది. పని నిజానికి చిన్నదే. పెళ్లిళ్ల వివరాలు పోర్టల్లో ఉండవు, రోడ్డవతల రికార్డుల సర్వర్లో ఉంటాయి. ఇక్కడి సర్వర్ వెళ్లి అడగాలి. ఊరికే అడిగితే ఇవ్వరు, టోకెన్ చూపించాలి. పిల్లి కీబోర్డు మీద నడిచినట్టుండే నలభై అక్షరాల మాట అది. గంటసేపు బతుకుతుంది. ఆ గంట అయ్యేలోపు సర్వరే తన గుర్తింపు చూపించి ఇంకోటి తెచ్చుకుని, ఎవరి కంటా పడకుండా దాచుకుంటుంది. దాచుకోక తప్పదు, టోకెన్ ఎవరి చేతిలో ఉంటే తలుపు వాళ్లకు తెరుచుకుంటుంది, మొహం చూడదు. ఇదంతా ఆమె ఒక్క పూటలో రాసేసింది. మొదటిసారి పనిచేయగానే పెన్సిలు గాల్లోకి ఎగరేసి, మళ్లీ పట్టుకుంది కూడా.

సాయంత్రం మంత్రిగారు సమీక్షకు వచ్చారు.

"ఈ టోకెన్ ఎవరు తెస్తారమ్మా?"

"సర్వరే తెచ్చుకుంటుంది సార్."

"ఎవర్ని అడిగి?"

"ఎవర్నీ అడగదు సార్. గంటకోసారి దానంతటదే."

మంత్రిగారు కళ్లజోడు తీశారు. "నా సంతకం లేకుండా మా అటెండరు టీ కూడా తేడు. ఈ డబ్బా గంటకోసారి పక్క శాఖకెళ్లి తాళాలు తెస్తుందా? ఇవాళ తాళం తెస్తుంది, రేపు నా కుర్చీ లాగుతుంది."

"లాగుతుంది సార్," అన్నారు డైరెక్టర్‌గారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఎవరి వాక్యంలోనైనా చివరి మాటను మాత్రమే సమర్థించి పైకొచ్చిన అనుభవజ్ఞుడాయన.

మంగళవారం నుంచి టోకెన్ ఫైలు మీద రావడం మొదలైంది. రికార్డుల ఆఫీసులో దాన్ని పుట్టించేది భర్తే కాబట్టి, సీలు వేసిన కవర్లో పెట్టి తెచ్చేదీ అతనే. అది ఇన్‌వర్డ్ రిజిస్టర్లో ఎక్కి, ఆరు సంతకాలు చేయించుకుని, మంత్రిగారి ఏడో సంతకంతో పెళ్లికూతురి బల్ల మీదికి వచ్చేసరికి గంటా ఇరవై నిమిషాలు పట్టేది. అంటే టోకెన్ పోయి ఇరవై నిమిషాలు. ఆలస్యానికి కారణం తెలపాలని డైరెక్టర్‌గారు ప్రతి ఫైలు మీదా ఒక నోటు రాశారు. ఆ నోటుకు ఇంకో పది నిమిషాలు.

పోర్టల్ కదల్లేదు గానీ, పెళ్లికూతురికి మొగుడు రోజుకు ఏడుసార్లు కనబడుతున్నాడు.

"ఏమండీ, మళ్లీ వచ్చారా?"

"నీకోసం కాదోయ్. ఆఫీసు పని."

"కవరిచ్చి వెళ్లడానికి అరగంటా అల్లుడుగారూ?" అంది ఇన్‌వర్డ్ రిజిస్టర్ రాసే పెద్దావిడ.

"సీలు ఆరాలి కదండీ."

"ఆరుతుంది, ఆరుతుంది. మా పిల్ల మొహమే ఆరేట్టు లేదు, ఎర్రగా కందిపోయింది."

బుధవారం ఏడో కవరు కూడా చచ్చే వచ్చింది. పెళ్లికూతురు మెట్ల మీద కూర్చుంది. "ఏమండీ, క్వార్టర్ పోతుందేమోనండీ."

"పోతే ఏం చేస్తాం?"

"నేను హాస్టల్లోనే ముసలిదాన్నయిపోతా. మీరు కవర్లు మోస్తూ ముసలాళ్లయిపోతారు."

సమస్య మంత్రిగారి దాకా వెళ్లింది. ఆయన దాన్ని నాలుగు నిమిషాల్లో పరిష్కరించారు. "గంటేమిటి గంట! ప్రజలు నాకు ఐదేళ్లిచ్చారు, పక్క శాఖ గంటిస్తుందా? చావు లేని టోకెన్ తెప్పించండి."

దానికో దరఖాస్తు ఉంది. టోకెన్‌తో ఏమేం చేయొచ్చో టిక్కు పెట్టాలి: చదవడం, రాయడం, కొట్టివేయడం. పెళ్లికూతురు ‘చదవడం’ దగ్గర టిక్కు పెట్టి ఇచ్చింది.

"చదవడమా?" మంత్రిగారు నొచ్చుకున్నారు. "నేనెప్పుడైనా చదవడం చూశావా? అది గుమాస్తాల పని. మిగతా రెండూ కూడా పెట్టు."

"వాటితో మనకి అవసరం లేదు సార్."

"అధికారం అవసరాన్ని బట్టి తీసుకుంటారా పిచ్చితల్లీ? దొరికినంత తీసుకుంటారు."

"తీసుకుంటారు," అన్నారు డైరెక్టర్‌గారు.

రోడ్డవతల భర్త, ఇలాంటి టోకెన్ ఇవ్వకూడదని రెండు పేజీల లేఖ రాశాడు. ఆరు నిమిషాల్లో అతనికి మెమో వచ్చింది. ఆ ఆఫీసు చరిత్రలో అంత వేగంగా కదిలిన కాగితం ఇంకోటి లేదు. గురువారం పొద్దున్నే టోకెన్ ఇచ్చేశాడు.

టోకెన్‌ను మంత్రిగారు బిగ్గరగా చదివించుకుని విన్నారు. నలభై అక్షరాలూ అయ్యాక, దీన్ని ప్రజలకు చూపించాల్సిందే అన్నారు.

"సార్, అది దాచాలి సార్," అంది పెళ్లికూతురు.

"దాచడానికి నేనేం తప్పు చేశానని?"

మధ్యాహ్నానికల్లా ఊరంతా ఫ్లెక్సీలు లేచాయి. ఒక పక్క మంత్రిగారు నమస్కారం పెడుతున్నారు, రెండో పక్క అడుగెత్తు అక్షరాల్లో టోకెన్. కింద ‘దాపరికం లేని పాలన, సర్వాధికారాల టోకెన్’ అని. సాయంత్రం పత్రికల్లో ఫుల్ పేజీ ప్రకటన. కళ్లు సరిగా కనపడని వృద్ధుల కోసం రేడియోలో అక్షరం అక్షరం చదివి వినిపించారు కూడా.

ఫ్లెక్సీలన్నీ వేయించింది పార్టీ యువజన నాయకుడు. వయసు యాభై రెండు. ఆఫీసు పక్కనే జిరాక్స్ షాపు ఉంది. ఆ మధ్యాహ్నం అతను నమూనా సర్టిఫికెట్ చూడ్డానికి పెళ్లికూతురి గదికి వచ్చాడు.

"చెల్లెమ్మా, దీని మీద మన మంత్రి అన్నగారి పేరేది?"

"అది పెళ్లి చేసుకున్నవాళ్ల సర్టిఫికెట్ అండీ."

"అయితే? బస్‌స్టాండు మీద అన్నగారి పేరుంది. చెత్తకుండీల మీదుంది. శ్మశానం గేటు మీదుంది. ఒక్క పెళ్లి మీద లేకపోతే ఆయన మనసెంత కష్టపడుతుంది?"

"కష్టపడితే పడనివ్వండి బాబాయిగారూ, నాకు బోలెడు పనుంది."

అతను కిటికీలోంచి ఫ్లెక్సీకేసి చాలాసేపు చూసి వెళ్లిపోయాడు.

శుక్రవారం పదిగంటలకు ప్రారంభోత్సవం. మొదటి సర్టిఫికెట్ కొత్త జంటకే ఇవ్వాలని మంత్రిగారు ముచ్చటపడి, పెళ్లికూతుర్నీ భర్తనీ వేదిక మీదికి పిలిపించారు. మీట నొక్కారు. పోర్టల్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. ప్రింటర్ సర్రుమంది. మంత్రిగారు తమ ఆనవాయితీ ప్రకారం చదవకుండా సంతకం పెట్టి, కెమెరాల వైపు తిరిగి నవ్వుతూ అందించారు.

పెళ్లికూతురు చదివింది. వధువు, ఆమే. తేదీ సరైనదే. మొదటి లైన్లో వరుడి పేరు ఉండాల్సిన చోట, ‘గౌరవనీయులు’ అన్న బిరుదుతో సహా, మంత్రిగారి పేరుంది.

వేదిక కింద జిరాక్స్ షాపు నాయకుడు కళ్లు తుడుచుకుంటున్నాడు. "చూశావా చెల్లెమ్మా! నిన్న సాయంత్రం నాలుగింటికి ఆ టోకెన్ పెట్టుకుని మా షాపులో కూర్చున్నా. ఒక్కటి వదిలితే ఒట్టు. నలభై ఒక్క వేల రెండు వందల ఆరు సర్టిఫికెట్లు. అన్నిట్లోనూ మొదటి లైను అన్నగారిదే!"

భర్త ఆమె చెవి దగ్గరికి వంగాడు. "కంగారు పడకు. పాత రికార్డుల కాపీ నా దగ్గరుంది. పది నిమిషాల్లో వెనక్కి పెట్టేస్తా. డైరెక్టర్‌గారి చేత ఒక ముక్క రాయించు, చాలు."

మంత్రిగారు కారెక్కి వెళ్లిపోయాక, డైరెక్టర్‌గారు తన గదిలో సర్టిఫికెట్ రెండువైపులా చూశారు. "తప్పు దొర్లిందని నేనెలా రాస్తాను? పోర్టల్ చెప్పిందే ఆఖరి మాటని జీవో ఉంది."

"మరి నాకు మంత్రిగారితో పెళ్లయిందా సార్?"

"అయింది," అన్నారాయన. అని, ఒక్క ఉదుటున లేచి తన కుర్చీ ఆమెవైపు జరిపారు. "కూర్చోండమ్మగారూ. ఏసీ పెంచమంటారా?"

ఫైలు మీద సంతకం పెట్టే ప్రతి గదీ తిరిగి, అన్నిచోట్లా అదే మాట విని, చివరికి ఇద్దరూ హౌసింగ్ ఆఫీసుకు పరుగెత్తారు. చేరేసరికి నాలుగూ ముప్పావు. గుమాస్తా సర్టిఫికెట్ చదివి, అతనూ లేచి నిలబడ్డాడు.

"క్షమించాలమ్మా, మీకు క్వార్టర్ రాదు. భర్తకి ప్రభుత్వ వసతి ఉంటే భార్యకి వేరే ఇవ్వకూడదు. మీవారికి పదహారు గదుల బంగళా ఉంది."

"మావారు ఈయనండీ!"

గుమాస్తా అతన్ని పైనుంచి కిందికి చూసి, పోర్టల్లో వెతికాడు. "ఈయన బ్రహ్మచారి. బ్రహ్మచారుల గదిలో మంచం ఉందిగా, ఇంకేం కావాలి?"

పెళ్లికూతురికి ఏడుపొచ్చింది. మొగుడి మొహం చూస్తే నవ్వొచ్చింది. రెండూ కలిసి వెక్కిళ్లొచ్చాయి. అతను బాటిల్ తీసి నీళ్లు తాగించాడు. తాగాక ఆమె గుమాస్తా వైపు తిరిగింది.

"అయితే ఆ బంగళాలో నాకు వాటా ఉన్నట్టేనా?"

"వాటా ఏమిటమ్మా, పదకొండో నిబంధన ప్రకారం మీరు అక్కడే ఉండి తీరాలి," అంటూ గుమాస్తా చీటీ రాసి ముద్ర కొట్టాడు.

వాళ్లు రెండు పెట్టెలు సర్దుకుని వెళ్లేసరికి బంగళా ముందు లైను మలుపు దాకా ఉంది. ముందు సర్టిఫికెట్లు పట్టుకున్న భార్యలు, వెనక సామాన్లు పట్టుకున్న భర్తలు. పోర్టల్ మొదటి లబ్ధిదారు అన్న గౌరవంతో గార్డు పెళ్లికూతుర్ని ముందుకు పిలిచాడు.

"మేడ మీద తొమ్మిదో గదమ్మా. రెండు కిటికీలు, బాల్కనీ. ఈయనెవరు?"

"పెట్టెలు మోసే అతను."

"ఉంటాడా?"

"ఉంటాడు," అంది ఆమె బుగ్గలు ఎర్రబడుతుండగా. పెట్టెలు మోసే అతను రెండేసి మెట్లు ఎక్కుతూ లోపలికి పరుగెత్తాడు.

ఆమె కూడా వెళ్లబోతుండగా గేటు దగ్గర కారు ఆగింది. అందులోంచి దిగిన యాభై ఏళ్లావిడ నేరుగా లోపలికి నడవబోతే గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏంటయ్యా ఇది? నేను ఆయన భార్యని! ఇరవై ఆరేళ్ల కాపురం నాది!"

"పొద్దుట్నుంచీ వచ్చినవాళ్లందరూ భార్యలేనమ్మా. సర్టిఫికెట్ ఏదీ?"

"నాకు సర్టిఫికెట్ ఏంటి?"

గార్డు పాపం మంచివాడు. ఫోను తీసి ఆవిడ పేరు పోర్టల్లో కొట్టాడు. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి, పుట్టింటి పేరుతో ఇంకోసారి. నలభై ఒక్క వేల రెండు వందల ఆరుగురిలో ఆవిడ లేదు.

"మీ పెళ్లి ఎప్పుడూ రిజిస్టర్ కాలేదమ్మా," అన్నాడు మెల్లిగా. "పోనీ సందర్శకుల పుస్తకంలో రాసి వెళ్లండి. అయ్యగారు వీలు చూసుకుని పిలుస్తారు."

ఆవిడ పెన్ను తీసుకుంది. తన పేరు రాసింది. ‘ఎవరిని కలవాలి’ అన్న గడిలో ఆయన పేరు రాసింది. దాని పక్క గడిలో ‘ఏమవుతారు’ అని ఉంది. అక్కడ పెన్ను ఆగిపోయింది.

"త్వరగా కానివ్వండమ్మా," అంది లైన్లోంచి ఎవరో. "మేమూ ఇళ్లు సర్దుకోవాలి."