వివరణ కోరగా...

ఆ శుక్రవారం నాగలత ప్లాను చాలా చిన్నది. పదింటికల్లా కరపత్రం రాయడం, పన్నెండింటికి ప్రెస్సుకు పంపడం, ఒంటిగంటకు క్యారియర్ విప్పుకోవడం. ఖమ్మంలో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో పదహారేళ్లు సబ్ ఎడిటర్‌గా చేసిన మనిషికి నాలుగు వాక్యాల కరపత్రం ఒక లెక్కా? పేజీలు తగ్గి, కుర్చీ పోయి, భద్రాచలంలో ఇప్పపూల లడ్డూలు చేసే మహిళా సంఘంలో మార్కెటింగ్ కమ్యూనికేషన్స్ మేనేజర్‌గా చేరి మూడు నెలలు కావస్తోంది. సోమవారంతో పనితనం చూసే ఆ మూడు నెలల గడువు తీరుతుంది. లడ్డూలు కదిలితే ఉద్యోగం ఉంటుంది, లేదంటే మళ్లీ ఖమ్మం బస్సే.

"రాసి చూపిస్తా జంపక్కా," అంది.

సంఘం అధ్యక్షురాలు జంపక్క బెల్లం పాకం మీది నుంచి చూపు తిప్పలేదు. "నాకేం చూపిస్తవ్? పదహారేండ్లు మందివి దిద్దినవ్. నీ రాతకు నేను పంతులమ్మనా? జల్దీ కొట్టించు."

నాగలత మొదటి వాక్యం రాసింది: భద్రాచలంలో అన్నిటికంటే రుచైన లడ్డూ మాదే. రాసీ రాయగానే చేయి ఆగింది. ఎవరన్నారు? ఇలాంటి వాక్యాలను ఆమె వేలల్లో కొట్టేసింది. 'అని అధ్యక్షురాలు జంపక్క తెలిపారు' అని చేర్చింది. అయినా మనసు కుదుటపడలేదు. ఒకరిని మించినవాళ్లమని రాస్తే ఆ ఒకరి మాట కూడా వేయాలి కదా! బస్టాండ్ దగ్గర అలాంటి లడ్డూలే అమ్మే మిఠాయి కొట్టు వీరభద్రానికి ఫోన్ చేసింది.

వీరభద్రం ఫోన్లో ఆమె పేరు ఇంకా 'నాగలత పేపర్' అనే ఉంది.

"ఏంది మేడమ్, మా మీద ఏమన్న రాస్తున్నరా?"

"జంపక్కోళ్ల లడ్డూనే మంచిగుంటదట. మీ వివరణ కావాలె."

వీరభద్రం గొంతు సవరించుకున్నాడు. "రాసుకోండ్రి. బస్టాండ్ ఎదురుంగ, మెడికల్ షాపు పక్కన. పొద్దున ఆరింటికే తీస్తం. తిన్నోళ్లు మళ్ల వస్తరు. ఫోన్ నంబర్ గూడ ఏస్తరా?"

"పూర్తి వివరాలుంటేనే వేస్తం," అంది నాగలత ఖరాఖండిగా.

శనివారం పొద్దున ఊళ్లోని ప్రతి దినపత్రికలోనూ ఆ కరపత్రం పడింది. జంపక్క తెలిపింది ఒక వాక్యం. వివరణ కోరగా వీరభద్రం తెలిపింది ఐదు. సంఘం చిరునామా లేదు. స్థలం చాలక, అలవాటు ప్రకారం, చివరి లైను నాగలతే తీసేసింది.

తొమ్మిదింటికి జంపక్క ఆ కాగితం ఊపుతూ వచ్చింది. "ఏందిది? జనమంతా ఆయన కొట్టు ముందట లైను కట్టిండ్రు!"

"అటువైపు మాట వేయకపోతే ఏకపక్షమైతది అక్కా."

"అవ్, ఇప్పుడు ఒక్కటే పక్షం మిగిలింది. ఆయనది!"

తప్పు దొర్లితే ఏం చేయాలో నాగలతకు తెలుసు. ఆదివారం ఇంకో కరపత్రం వచ్చింది. 'సవరణ: నిన్నటి కరపత్రంలో మా చిరునామా రాలేదు. లడ్డూల విషయంలో జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాం.' జనం మొదటి వాక్యం వదిలేసి రెండోది పట్టుకున్నారు. లడ్డూల్లో ఏం పొరపాటు? పదింటికి ఒకావిడ సగం తిన్న డబ్బా వాపసు తెచ్చింది. పదిన్నరకు ఒకాయన ఖాళీ డబ్బా పట్టుకొచ్చి, "మరి నేను దవాఖానాకు పోవాల్నా?" అని అడిగాడు.

జంపక్క అరవలేదు. అదే భయం. "సోమవారం దాకా ఎందుకు బిడ్డా? నాలుగింటికి బస్సుంది," అంది.

నాగలత సంచి సర్దుకుంటుండగా గేటు ముందు ఆటో ఆగింది. దిగినవాడు హాతీరాం. ప్రతి వారం చుట్టాల పెళ్లికంటూ రెండు పెట్టెల లడ్డూలు కొనుక్కుపోతాడు.

"అక్కా, జల్దీ! ఉన్నయన్నీ ఎత్తు. రేపటికి ఇంకో ఇరవై పెట్టెలు కావాలె."

"ఇరవయ్యా! గిన్ని పెండ్లిండ్లు ఏడున్నయిరా?"

హాతీరాం నాలుక కరుచుకున్నాడు. "పెండ్లిగాదక్కా... వీరభద్రం సేటుకు. ఆయన ఏనాడు లడ్డూ చుట్టిండు? మొదటి సంది మీయే. డబ్బా మారుస్తడు, గంతే. నిన్నటి సంది లైను తెగుతలేదు. అన్నీ ఒడిసినయ్."

జంపక్క అక్కడే నిలబడి వీరభద్రానికి ఫోన్ కలిపింది. ఇకనుంచి సంఘం పేరున్న డబ్బాలోనే అమ్మాలంది. కరపత్రాలు రాసినామెను ఇవాళే పంపేస్తున్నాననీ చెప్పింది. అతను వెంటనే ఒప్పుకున్నాడు, ఒకే ఒక్క షరతు మీద.

"ఆ పేపర్ మేడమ్‌ను మాత్రం పంపియ్యకక్కా. గంత మంచిగ ఎవలు రాస్తరు?"

జంపక్క ఫోన్ పెట్టేసి, నాగలత చేతిలోని సంచి లాక్కొని మేకుకు తగిలించింది.

పోటీదారు సిఫారసు మీద ఉద్యోగం ఖాయమైన మార్కెటింగ్ మేనేజర్ జిల్లాలో నాగలత ఒక్కతే అయి ఉండవచ్చు. దీనిపై అధికారిక సమాచారం అందాల్సి ఉంది.