గులాబీ పట్టీ మహిమ

చేతికి పట్టీ వేస్తే కీళ్లనొప్పి తగ్గుతుందని డాక్టర్లు చెబుతారు. నమ్మకండి! పట్టీ వేస్తే రాష్ట్రం వస్తుంది. కావాలంటే పాలకుర్తిలో యాకమ్మను అడగండి.

యాకమ్మకు రుమటాయిడ్ ఆర్థరైటిస్. అంత పేరు నోరు తిరగక ఊరు దాన్ని కీళ్లవాతం అనేసింది. పొద్దున లేచేసరికి వేళ్లు వాచి, కొయ్యబారి ఉండేవి. పత్తి ఏరడం మానుకున్నప్పుడు కూడా ఆమె ఏడవలేదు. కోడలు హరిత చేత కొప్పు ముడేయించుకోవాల్సి వస్తే మాత్రం మనసు చివుక్కుమనేది. ఎంత బంగారంలాంటి కోడలైనా, పొద్దున్నే తల తీసుకెళ్లి ఒకరి చేతిలో పెట్టడం ఎవరికి ఇష్టం చెప్పండి?

సకల జనుల సమ్మెకు ముందు జనగామ నుంచి ఫిజియోథెరపిస్టు జమున వచ్చి ఊళ్లో క్యాంపు పెట్టింది. వేళ్లు మెల్లగా మడిచి, తెరిచే ఎక్సర్‌సైజులు నేర్పింది. మణికట్టుకూ బొటనవేలికీ సాగే టేపు అతికించింది. ఊడినప్పుడల్లా మార్చమని హరితకు చూపించి, మిగతా టేపంతా ఇచ్చి వెళ్లింది. ఆ టేపు గులాబీ రంగుది. పాపం, జమునకు రాజకీయాలు తెలియవు!

కొన్నాళ్లకు యాకమ్మ తన కొప్పు తానే సగం దాకా తిప్పుకుంది. ఆ సంబరంలో వంకర కొప్పుతోనే, సమ్మె కోసం ఊళ్లో వేసిన ధర్నా టెంటుకు వెళ్లి, వేళ్లు మడుస్తూ తెరుస్తూ కూర్చుంది.

టెంటు నడిపే రాజలింగం చూశాడు. గులాబీ రంగు! బిగుసుకుంటున్న పిడికిలి! ఉద్యమానికి ఇంకేం కావాలి? వెంటనే జై తెలంగాణ అన్నాడు, టెంటంతా వేళ్లు మడిచింది. మర్నాడు ఇంటికే వచ్చి ఉద్యమం కోసమని టేపంతా అడిగాడు. తెలంగాణ పేరు చెప్పి అడిగితే యాకమ్మ లేదనగలదా?

ఇక చూడండి వైభవం! టీచర్లు మణికట్టుకు వేసుకున్నారు. ఆటోవాళ్లు హ్యాండిల్‌కు చుట్టారు. ఒకాయన ఎద్దు కొమ్ములకు, ఇంకొకాయన తన మీసాలకు! నొప్పి లేని ప్రతి చేతికీ ఉచిత వైద్యం అందింది. ఏ ప్రభుత్వం చేయగలదు ఇంత పని?

యాకమ్మ పట్టీ మాత్రం ఊడిపోయింది. ఇంట్లో మరో ముక్క లేదు. బస్సులు సమ్మెలో ఉన్నాయి, ఆటోలు రాస్తారోకోలో ఉన్నాయి. జమునకు ఫోన్ చేస్తే దారులన్నీ బంద్ అంది. వేళ్లు మళ్లీ బిగుసుకున్నాయి. హరిత మళ్లీ దువ్వెన పట్టింది.

అయినా యాకమ్మ టెంటుకు వెళ్లడం మానలేదు. ఆమె ఉత్త చేతిని చూసి, పట్టీ వేసుకున్న చేత్తో మైకు పట్టిన రాజలింగం ప్రసంగం ఆపాడు.

"అవ్వా, నీ చేతికి పట్టీ లేదేంది? తెలంగాణ వద్దా?" అని మైకు ఆమె ముందు పెట్టాడు.

"తెలంగాణ గావాలె బిడ్డా, పట్టీ గూడ గావాలె," అంది యాకమ్మ నెమ్మదిగా. "నీ చెయ్యి మంచిగనే ముడుసుకుంటున్నది గద. గా పట్టీ నాకియ్యి, నా కొప్పు నేనే ఏసుకుంట."

ఆ మాట మైకులో ఊరంతా వినిపించింది. టెంటులో ఉన్నవాళ్లంతా పట్టీలు వేసుకున్న చేతులు వెనక్కి పెట్టుకున్నారు.