బాక్ బొమ్మకు సాక్షులు

ఆ ఉదయం జునుకా బోరా పెట్టుకున్న పని ఒక్కటే. తాను గీసిన బాక్ బొమ్మను తిలేశ్వర్ తాతకు చూపించి, సరిగ్గా ఉందో లేదో కనుక్కోవాలి. బాక్ అంటే నీళ్లలో ఉండే దెయ్యం, చేపలంటే పడిచస్తుంది. బడిలో పాఠాలు చెప్పగా మిగిలిన వేళంతా జునుకా ఇలాంటి పాత కథలకు ట్యాబ్ మీద బొమ్మలు గీసి, చిన్న చిన్న సినిమాలు తీస్తుంది. ఊరంతా ఆమెను బైదేవ్, అంటే అక్క, అని ఆప్యాయంగా పిలుస్తారు గానీ, కథ చెప్పమంటే మాత్రం ఎవరూ నోరు విప్పరు. తిలేశ్వర్ తాతయితే ఆరు నెలలుగా తాంబూలం నములుతూ, అవన్నీ ఇప్పుడెవరికి గుర్తున్నాయని దాటవేస్తున్నాడు. పిల్లలకు సినిమా వేస్తానన్న రోజు వారంలోకి వచ్చేసింది. దెయ్యం సిద్ధంగా ఉంది, కథే లేదు.

ఊరి మడుగును ఫోటో తీసి, దాని మీదే ఆమె బాక్‌ను గీసింది. పొగమంచులో, నడుం లోతు నీళ్లలో, నోట కరిచిన చేపతో నిలబడి ఉంది. కింద "ఇలాగే ఉంటుందా తాతా?" అని రాసి తాత ఫోనుకు పంపింది. తాతకు కళ్లజోడు దొరకలేదు. ఇదేమిటో చూడమని బొమ్మ ఒక్కటే అల్లుడు ఖగెన్‌కు పంపాడు. మామ రోజూ వేకువనే మడుగుకు వెళ్లే మనిషి. ఇంకేముంది, మామ బాక్‌ను కళ్లారా చూసి ఫోటో తీశాడని ఖగెన్ ఊరంతా చాటాడు.

ఎనిమిదింటికి వలలన్నీ గట్టెక్కాయి. తొమ్మిదింటికి సంతలో ఆ మడుగు చేపలను ఎంగిలి చేపలన్నారు, ఒక్కటీ అమ్ముడుపోలేదు. పదింటికి ఒకావిడ, పోయిన నెల మాయమైన తన బాతులకు దోషి దొరికిందని కబురు పంపింది. పదకొండింటికి పట్నం నుంచి టీవీవాళ్లు, వాళ్ల వెనకే ఎస్సై మృణాల్ డేకా మడుగు దగ్గర దిగారు.

జునుకా పరుగున వచ్చి, అది తాను గీసిన బొమ్మేనని ఒప్పుకుంది.

"మీరు గీస్తే కాగితమేది బైదేవ్?" అన్నాడు ఖగెన్, అనుమానంగా.

ఆమె ట్యాబ్ తెరిచి బాక్ నోట్లోని చేపను చెరిపేసి, మళ్లీ గీసింది. పుకారు పుట్టించినందుకు కేసు పెట్టక తప్పదని ఎస్సై నసిగాడు. టీచరు ఉద్యోగం ఏమవుతుందోనని జునుకా బెంగపడింది.

అంతలో జనంలోంచి ఫులేశ్వరీ అవ్వ వచ్చి ట్యాబ్ లాక్కుని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "ఇది బాక్ ఎట్లా అవుద్ది? దీని సంచేదీ? దాని ప్రాణమంతా ఆ సంచిలోనే కదా."

సంచి నడుముకుంటుందని అవ్వ, కాదు భుజానికుంటుందని వలలు అల్లే ముసలాయన వాదనకు దిగారు. దాని పాదాలు బాతు పాదాల్లా ఉంటాయని ఇంకొకరు అడ్డుతగిలారు. నిన్నటిదాకా ఏమీ గుర్తులేని ఊరు ఇదేనా అని జునుకా ఆశ్చర్యపోయింది. చప్పుడు కాకుండా రికార్డింగ్ నొక్కింది.

తిలేశ్వర్ తాత ఇక ఉండబట్టలేకపోయాడు. తాంబూలం ఉమ్మేసి ముందుకొచ్చాడు. "తెలీకపోతే తెలీదనాలి. మా నాయన ఆ సంచి పట్టుకుని, బాక్ చేత ఏడాది పొడుగునా నాట్లేయించాడు."

గంటన్నర గడిచింది. తాత కథ, నాయన ఆ సంచిని బాక్‌కు తిరిగిచ్చేసిన చోటికి వచ్చింది. కెమెరావాడు కెమెరా దించి గట్టు మీద కూర్చున్నాడు. వలలవాళ్లు వలలు మరిచారు. జునుకా ఒక్క మాటా పోకుండా రికార్డు చేస్తోంది.

"మరి చేతికి దొరికిన సంచిని మీ నాయన తిరిగెందుకిచ్చేశాడు?" అని అడిగాడు ఎస్సై. ఆయన టోపీ ఎప్పుడో తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

తాత ఎండవైపు చూసి, అన్నం వేళయిందని లేచి వెళ్లిపోయాడు.

కేసు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఎస్సై మాత్రం డైరీలో రాసుకున్నాడు: అనుమానితుడైన బాక్ పరారీలో ఉన్నాడు, సాక్షి మిగతా వాంగ్మూలం కోసం రేపు భోజనం చేసి రావలెను.