చుక్కలమ్మ చెవికి సర్కారు గుల్ల

ఒక పెద్ద అడవిలో, చెవులకు పేరుమోసిన దుప్పి ఒకటి ముసలిదైపోయింది. పేరు చుక్కలమ్మ. వయసులో ఉన్నప్పుడు ఎండుటాకు కదిలినా పసిగట్టి మంద మొత్తాన్ని తప్పించేది. ఇప్పుడు చప్పుడు వినబడుతుంది గానీ మాట తెలియదు.

ఒకనాడు మనవరాలు బొట్టి వెనకనుంచి, "అవ్వా, రేవులో పులి" అంది. చుక్కలమ్మకు "రేవులో చలి" అని వినబడింది. ఈ మాత్రం చలికి భయపడితే ఎలా అనుకుంటూ నీళ్లలోకి దిగింది. పులి పంజా తోకను గీరుకుపోయింది. ఎలాగో బతికి బయటపడింది గానీ, ఆనాటి నుంచి మంద తనను పసిపిల్లలా మధ్యలో పెట్టుకుని నడిపిస్తుంటే తలెత్తుకోలేకపోయేది.

చెవికి ఏదైనా సాయం చేయమని ఏనుగు రాజుగారి కొలువులో మొరపెట్టుకుంది. రాజుగారు చాటంత చెవులు ఊపి అప్పటికప్పుడు ఒక సంఘం వేశారు. అందరికన్నా బాగా వినగలదని గబ్బిలాన్ని అధ్యక్షుణ్ణి చేశారు. అందచందాలు చూడటానికి నెమలి. కార్యదర్శి నక్క. అది లేని సంఘం ఆ అడవిలోనే లేదు.

మొదటి సమావేశానికే చుక్కలమ్మ వెళ్లింది. శబ్దం పెంచితే చాలదని, నలుగురూ ఒకేసారి మాట్లాడినప్పుడే తనకు అసలు చిక్కు అని చెప్పబోయింది. నక్క ఎంతో వినయంగా అడ్డుపడింది.

"ముందు పరికరం తయారు కానివ్వండమ్మా. మీ అభిప్రాయం తర్వాత తీసుకుంటాం."

పరికరం తయారైంది. పెసరగింజంత నత్తగుల్ల. చెవుడున్నట్టు ఎవరికీ తెలియకూడదని నెమలి పట్టుబట్టి అంత చిన్నది చేయించింది. చుక్కలమ్మ గిట్టలకు అది అందనే లేదు. బొట్టి మూతితో తోసి పెట్టింది. పెట్టగానే కీచురాళ్లు, రాలే కాయలు, తన నోట్లో తను నమిలే గడ్డి, అన్నీ కలిసి చెవిలో ఉరిమాయి. మాట మాత్రం ఆ హోరులో ఎక్కడో మునిగిపోయింది. పైగా గుల్ల కనబడదు కాబట్టి, అందరూ వెనకనుంచి, నోట్లో మేత పెట్టుకునే మాట్లాడేవాళ్లు. ఏమన్నావని మళ్లీ అడిగితే విసుక్కునేవాళ్లు.

ఈ సంగతి చెబితే నక్క నొచ్చుకుంది. గుల్లలో లోపం లేదని, చెవే సహకరించడం లేదని తేల్చింది.

చుక్కలమ్మ గుల్లను దులిపేసింది. వెడల్పాటి టేకు ఆకును బూరలా చుట్టించి, తీగతో చెవికి కట్టించుకుంది. అది ఎదుటివాళ్ల మాటనే లోపలికి పంపేది. అంతకన్నా పెద్ద మేలు ఇంకొకటి జరిగింది. ఆకును చూసినవాళ్లు ఎవరూ చెప్పకుండానే ముందుకొచ్చి, మొహం చూసి, నిదానంగా మాట్లాడసాగారు. నెమలి మాత్రం అది చూడలేక కళ్లు మూసుకుంది.

గుల్ల ఆవిష్కరణ సభ ఘనంగా జరిగింది. దాని సొగసు చాటడానికి రాజుగారు, సంఘం సభ్యులు, కొలువులోని పెద్దలు తలా ఒకటి పెట్టుకున్నారు. నక్క ఉపన్యాసం, చిలకల చప్పట్లు గుల్లల్లో గింగిరాలు తిరుగుతున్నాయి. కొండముచ్చు చెట్టు మీంచి గొంతు చించుకుని అరిచింది. అదీ చప్పట్లలో కలిసిపోయింది.

బొట్టి పరుగున వచ్చి, సభ చివర మందతో కూర్చున్న అవ్వ ఎదుట నిలబడింది.

"అవ్వా, పొదలో పులి."

చుక్కలమ్మకు ఈసారి ప్రతి అక్షరం తెలిసింది. కాలు నేలకేసి కొట్టి, వయసులో కూసినట్టు కూసింది. మంద లేచింది. మందను చూసి సభ లేచింది. పులికి నక్క తోకలోని వెంట్రుకలు మాత్రం దక్కాయి. ఆ సాయంత్రం మంద చుక్కలమ్మ వెనక నడిచింది.

మర్నాడు చుక్కలమ్మ కొలువుకు వెళ్లి చెప్పింది. "పరికరం పెద్దదిగా, గిట్టకు అందేదిగా, పదిమందికీ కనబడేదిగా ఉండాలి ఏలినవారూ. చేసేముందు మాలాంటి ముసలివాళ్లను ఒక్కమాట అడగాలి."

రాజుగారు చెవులు ఊపుతూ అంతా విన్నారు. ఆపైన, కొండముచ్చు ఇంకాస్త గట్టిగా ఎందుకు అరవలేదో విచారించడానికి నక్క అధ్యక్షతన కొత్త సంఘం వేశారు.

నీతి: వినబడనివాడికి పరికరం కావాలి, వినిపించుకోనివాడికి పదవి చాలు.