పటంలో లేని కాలువ

మా వీధిలో పేదరికం పోయిన బుధవారం మధ్యాహ్నం మూడున్నరకు శాశ్వతంగా తొలగిపోయిందని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేస్తున్నాను. తెలియజేసే అధికారం నాకుంది. నేను వీధి ప్రగతి సంఘానికి కార్యదర్శిని. నన్ను ప్రజలే ఎన్నుకున్నారు. ప్రజలంటే ఆ పూట పనికి పోకుండా ఇళ్ళలో ఉన్న పదకొండు మంది. అందులో మా ఆవిడ ఓటు నాకు పడలేదని తర్వాత తెలిసింది, అది వేరే సంగతి.

పేదరికాన్ని పోగొట్టిన ఈ పథకం గొప్పతనం ఒక్క ముక్కలో చెబుతాను. ఇదివరకు పైవాళ్ళు నిర్ణయించి తప్పులు చేసేవారు. ఇప్పుడు ప్రజలే నిర్ణయించుకుంటారు కనుక తప్పు కూడా ప్రజలదే అవుతుంది. ఇంతకంటే ఏం కావాలి చెప్పండి?

మొదటి మెట్టు, ప్రజలు తమ వీధి పటాన్ని తామే నేల మీద గీసుకోవడం. అందుకు వీధి చివరి ఖాళీ స్థలం చిమ్మించాం. ఇళ్ళకు గుర్తుగా సీసా మూతలు, బాటకు ఎర్ర రంగు పొడి, నీటికి నీలం పొడి. పథకం అధికారి గారు కూర్చోవడానికి కుర్చీ మాత్రం మా ఇంటిది. చేతులున్న కుర్చీ, మెత్తటి దిండు, వీధి మొత్తానికి అలాంటిది ఒక్కటే. కాకపోతే దానికో కాలు అంగుళం పొట్టి. చదునుగా లేనిచోట వేస్తే కూర్చున్నవారిని వెనక్కి పడేస్తుంది. ఆ స్థలంలో చదునైన చోటంటే ఎడమ పక్కనున్న బండ ఒక్కటే. కాలు పొట్టిగా ఉన్న వైపు ఓ చెక్క ముక్క ఎత్తుపెట్టి, బండ మీద నేనే స్వయంగా వేశాను. అధికారి గారు కాళ్ళు బారజాపుకుని కూర్చున్నారు.

ఆడవాళ్ళు వీధి మొదలు నుంచి గీసుకుంటూ వచ్చారు. బాట వచ్చింది, ముప్పై రెండు మూతలూ వచ్చాయి. చివరికి మురుగుకాలువ రావలసిన చోటికి వచ్చేసరికి అక్కడ అధికారి గారు ఉన్నారు.

నీలం పొడి గిన్నె చేతిలో ఉన్నది మిషనక్క. అసలు పేరు ఓటరు జాబితాలో ఉంటుంది గానీ, కుట్టుమిషను మీద సంసారం ఈదుకొచ్చే మనిషి కాబట్టి అందరికీ మిషనక్కే. వీధిలో ఆఖరి ఇల్లు ఆవిడదే, అన్నింటికన్నా పల్లంలో ఉన్నదీ అదే. పూడిపోయిన కాలువ వాన పడగానే ముందు ఆ ఇంటినే పలకరిస్తుంది. ఆ ఏడు బడి తెరిచేలోపు నలభై మంది పిల్లలకు యూనిఫారాలు కుట్టి ఇస్తానని ఒప్పుకుంది. ఇంట్లో మంచం దిగలేని మామగారు. కాలువ బాగుపడితే నిలదొక్కుకుంటుంది, లేకపోతే లేదు. అంతే లెక్క.

"సార్, కాస్త లేస్తారా? కాలువ గియ్యాలి, మీ కిందకొచ్చింది" అంది.

పెద్దవాళ్ళను లేవమంటారా ఎక్కడైనా?

"ఏమ్మా, కాస్త మర్యాద తెలియదూ?" అని కసురుకున్నాను.

అధికారి గారు మాత్రం చల్లగా నవ్వారు. "పర్వాలేదమ్మా, నన్ను పట్టించుకోవద్దు. ఇది మీ పటం. మీ ఇష్టం వచ్చినట్టు గీసుకోండి" అన్నారు. కదలలేదు. ఆయన నిరాడంబరతకు అందరం చప్పట్లు కొట్టాం. మిషనక్క గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. ఈలోపు ఫొటో తీసేశారు, పటం ఖరారైపోయింది.

తర్వాత అవసరాల ఎంపిక. పదకొండు మందీ ఏకకంఠంతో కాలువ అన్నారు. అధికారి గారు పటం చూపించి, "మీరు గీసిన పటంలో మీకే కాలువ లేదు. లేనిదాన్ని బాగుచేయడానికి నిబంధనలు ఒప్పుకోవు" అన్నారు. న్యాయమే కదా! ఇక పథకం నిబంధనల పుస్తకంలో మిగిలినవి రెండు: వీధి మొగదల స్వాగత ద్వారం, లేదా సమావేశ భవనం. ద్వారానికి వీధి వెడల్పు చాలదు. కనుక ప్రజలు పూర్తి స్వేచ్ఛతో భవనాన్నే ఎంచుకున్నారు. ఎక్కడ కట్టాలన్నది కూడా పటమే తేల్చింది. అందులో ఖాళీగా కనిపించిన చోటు ఒక్కటే మరి.

పునాది తవ్వుతుంటే తాపీమేస్త్రి గోతిలోంచి అరిచాడు. "అయ్యా, ఇక్కడ కాలువుందండీ!"

ఇంజనీరు పటం విప్పి చూశాడు. "లేదే."

"నా మోకాళ్ళ దాకా ఉందండీ."

మేస్త్రి మా సంఘంలో సభ్యుడు కాడు. అతని అభ్యంతరాన్ని నమోదు చేసే వీల్లేక వదిలేశాం. కాలువలో రాళ్ళు దిగ్గొట్టి భవనం లేపారు. ప్రజల భాగస్వామ్యం కింద ఆ రాళ్ళు మోసినవాళ్ళలో మిషనక్క కూడా ఉంది. ఇంటికొకరు రావాలి, రాకపోతే లబ్ధిదారుల జాబితాలోంచి తీసేస్తారు. తన ఇంటికి వరద తెచ్చే రాళ్ళు తానే మోయడమంటే మాటలా? సాధికారత అంటే ఇదీ అని నేను ఆ రోజే మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాను.

బడి తెరవడానికి ఇంకా నాలుగు రోజులుందనగా కుండపోతగా వాన పడింది. పోవడానికి దారిలేని నీళ్ళు తిన్నగా మిషనక్క ఇంట్లోకి నడిచాయి. ఆవిడ మా గుమ్మంలోకొచ్చి భవనం తాళంచెవి అడిగింది. సమావేశం లేనప్పుడు తాళం తీయాలంటే తీర్మానం కావాలి కదా అన్నాను.

"నువ్వు పదవే, వాళ్ళ తీర్మానం తెల్లారినట్టే ఉంది!" అంటూ మా ఆవిడ మేకుకున్న తాళంచెవి లాక్కుని, ఆవిడతోపాటు తనూ వానలోకి దిగింది. ఇద్దరూ మిషను చెరో పక్కా పట్టుకున్నారు. పక్కింటివాళ్ళు మామగారిని మంచంతో సహా ఎత్తుకొచ్చారు. గుడ్డ తానులు మాత్రం అప్పటికే బురదలో నానిపోయాయి. ఎన్నిసార్లు ఉతికినా మరక పోలేదు. బడివాళ్ళు వచ్చి చూసి, పని ఇంకొకరికి ఇచ్చేశారు. ఆ సాయంత్రం మిషనక్క భవనం మెట్ల మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చూడలేక నేను ఇంట్లోకి వచ్చేశాను.

సరే, బుధవారం నాటి సంగతికి వద్దాం. ఫలితాలు మదింపు చేయడానికి పెద్ద నిపుణుడు గారు వచ్చారు. భవనంలో మిషను, మంచం, పొయ్యి, ఆరేసిన బట్టలు చూసి పరవశించిపోయారు.

"ఎన్నో భవనాలు చూశాను, అన్నింటికీ తాళాలే! ఇక్కడ ప్రజలు భవనాన్ని తమదిగా భావించడమే కాదు, అందులోనే కాపురముంటున్నారు!" అని ఉపన్యసించారు.

"మా ఇంట్లో నీళ్ళు తోడించండి బాబూ, మేం వెళ్ళిపోతాం" అంది మిషనక్క.

"అంత వినయం వద్దమ్మా. నువ్విప్పుడు పక్కా భవనంలో ఉండి, సొంత వృత్తి చేసుకుంటున్న మహిళవి" అంటూ కాగితంలో ఆవిడ పేరు పక్కన 'పేదరికం నుంచి విముక్తి' అని రాశారు. అప్పుడు టైము మూడున్నర.

మంచం మీది మామగారు తలెత్తి, "అయితే రేపట్నుంచి మనకి బియ్యం కార్డు కూడా ఉండదంటావా, అమ్మాయ్?" అన్నాడు. పెద్దాయనకు పథకాల మీద మంచి పట్టుంది.

ఆఖరి మెట్టు, మార్పును కొలవడానికి పటం మళ్ళీ గీయడం. భవనం ముందు నేల మీద మళ్ళీ సీసా మూతలు, మళ్ళీ రంగు పొడులు. మళ్ళీ మా కుర్చీ, అదే ఎడమ పక్కన, అదే చెక్క ముక్క ఎత్తుపెట్టి. నిపుణుడు గారు కాళ్ళు బారజాపుకున్నారు. మిషనక్క నీలం పొడి పట్టుకుని ఆయన దాకా వచ్చింది. ఈసారి లేవమని అడగలేదు. వంగి, గీత ఎక్కడా తెంచకుండా, ఆయన రెండు బూట్ల మీదుగా కాలువ గీసేసింది.

నిపుణుడు గారు గబుక్కున కాళ్ళు పైకి లాక్కున్నారు, గీత అక్కడ తెగిపోయింది. నేను పరుగెత్తుకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, భుజం మీది తువ్వాలుతో ఆయన బూట్లూ, పనిలో పనిగా నేల మీద మిగిలిన గీతా శుభ్రంగా తుడిచాను. ఆవిడ తరఫున క్షమాపణ కోరుతూ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఫొటోలో మళ్ళీ కాలువ లేదు.

ఆ తువ్వాలు ఉతకనని మా ఆవిడ దండెం మీద అలాగే వేలాడేసింది. మా వీధి కాలువ ప్రస్తుతం దాని మీదే ఉంది. మీరు నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. నవ్వండి. ఆ రోజు నేను వంగి బూట్లు తుడుస్తుంటే నా వెనకాల నిలబడి, "ఇదిగో, నాది తీసుకోండి, ఇది ఉతికింది" అంటూ మరో తువ్వాలు అందించిన చెయ్యి ఎవరిదో నేను తిరిగి చూడలేదు. గొంతు మాత్రం అచ్చం మీలాంటివాళ్ళదే.